గంట కలుపు

మా సౌత్ డకోటాలో రెండు టైములున్నాయి. పడమటి వైపున్న మాది వెనక టైము, మిస్సోరీ నదికి తూర్పునా, నది దాటాక పడమరగా ఇంకొన్ని మైళ్ళ దాకానూ ఉన్నవాళ్ళది ముందు టైము. వాళ్ళకు పదకొండైతే మాకు పది. పుట్టినప్పటి నుంచి ఇదే గోల. తూర్పున ఎవరికి ఫోన్ చేసినా "మీ టైమా, మా టైమా?" అని అడగందే మాట ముందుకు సాగదు. పెళ్ళి పిలుపుల మీద కూడా ఎవరి టైమో అచ్చు వేయిస్తాం. నా చేతి గడియారం నేను కొన్ననాటి నుంచీ వెనక టైములోనే నడుస్తోంది. తూర్పుకు వెళ్ళినా దాన్ని తిప్పను, మనసులో గంట కలుపుకుంటాను. మా ఇంట్లో పిల్లలందరికీ రోడ్డు దాటడం నేర్పినట్టే అదీ నేర్పాను. తూర్పుకు వెళ్తే గంట కలుపు.

నా పేరు ఆర్డిస్. బెల్‌ఫోర్క్‌లో ముప్పై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపాను. మంచు పడినా, గాలి కొట్టినా, ఏడుంబావుకు వస్తానన్న ఇంటి ముందు ఏడుంబావుకే ఉన్నాను. "ఆర్డిస్ బస్సు వచ్చింది, గడియారం సరిచేసుకో" అని మా ఊళ్ళో ఒక వేళాకోళం. అలాంటిదాన్ని, జన్మలో ఒక్కసారి, ఎక్కడ తప్పకూడదో అక్కడే టైము తప్పు చెప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఇది 2014 అక్టోబరు నాటి మాట. ఇప్పుడైతే నేను చెప్పబోయే గొడవే లేదు, 2022లో గర్భం తీయడాన్నే నిషేధించి తలుపు మూసేశారు. అప్పుడు మాత్రం తలుపు తెరిచే ఉండేది. రాష్ట్రం మొత్తానికి ఒకే ఒక తలుపు. తూర్పు కొసన సూ ఫాల్స్‌లో ఒక క్లినిక్, దానికి మిన్నెసోటా నుంచి విమానంలో వచ్చి పోయే డాక్టర్లు. గర్భం తీయించుకోవాలంటే ముందు ఒకసారి అంత దూరమూ వెళ్ళి డాక్టర్ని కలవాలి, చట్టం చెప్పమన్నదంతా చెబుతుంటే వినాలి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాలి, ఆ తర్వాత డెబ్బై రెండు గంటలు ఆగాలి. అందులో శనివారం, ఆదివారం, పండగ సెలవులు లెక్కలోకి రావు. కడుపు పెరగడానికి శని ఆదివారాలు సెలవుందా? మరి ఆగాల్సిన గడియారానికి మాత్రం ఎందుకో సెలవు. ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఆ బుర్ర ఒక్కరోజు కూడా వేవిళ్ళు పడి ఉండదు.

అలా అని నేనేం తక్కువ తినలేదు. ఆ చట్టం చేస్తున్నప్పుడు మా చర్చి కింద గదిలో కాఫీలు పోస్తూ, "మూడు రోజులు ఆలోచించుకుంటే ఎవరి ప్రాణం పోతుంది?" అన్నది నేనే. నలుగురూ తలూపారు. అంతకుముందు పూర్తిగా నిషేధించేద్దామా అని రెండుసార్లు జనాన్ని ఓటు అడిగారు, రెండుసార్లూ రాష్ట్రం వద్దంది. మొదటిసారి నేను నిషేధించాలనే వేశాను. రెండోసారి ఏం వేశానో మా ఆయన లైల్‌కు కూడా చెప్పలేదు.

ఆ రెండు ఓట్ల మధ్యలోనే ట్రెసాకు మూడో కాన్పు అయింది. ట్రెసా నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక నా ఇంట్లోనే పెరిగింది, నన్ను పెద్దమ్మా అని పిలిచినా నాకు కూతురే. మూడో పిల్ల బ్రిన్ పుట్టినరోజున ట్రెసాకు నెత్తురు ఆగలేదు. మా చిన్న ఆసుపత్రి వాళ్ళు చేతులెత్తేస్తే హెలికాప్టర్‌లో రాపిడ్ సిటీకి తీసుకుపోయారు. ఏడు సీసాల నెత్తురు ఎక్కించారు. ఆ మధ్యాహ్నం పెద్దపిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళకు సూపు పోస్తూ, శవం ముందు ఏ కీర్తన పాడించాలా అని నా మనసు తనంతట తనే వెతుక్కుంది. ఆ పాపం నాకు ఇంకా అలాగే ఉంది. బతికి బయటపడ్డాక డాక్టరు ఒక్కటే చెప్పాడు, ఇంకోసారి ఈ సాహసం చేయొద్దని.

చేయలేదు. జాగ్రత్తలన్నీ పడింది. ఆరేళ్ళ తర్వాత ఆ జాగ్రత్తే మోసం చేసింది. ముప్పై నాలుగేళ్ళ వయసు, వృద్ధాశ్రమం వంటింట్లో నిలబడి చేసే పని, మొగుడు కర్ట్ నార్త్ డకోటాలో చమురు బావుల దగ్గర రెండేసి వారాలు ఉండిపోయే ఉద్యోగం. నెల తప్పితే అలసటేమో అనుకుంది. తెలిసేసరికి తొమ్మిది వారాలు. కర్ట్ ఫోన్లో ఏడ్చాడట, "నువ్వుండాలి, అంతే" అన్నాడట. స్కానింగుకు రెండు వారాలు పట్టింది, క్లినిక్‌లో తేదీ దొరకడానికి ఇంకొంత. మొదటిసారి డాక్టర్ని కలిసిన సోమవారానికి పదమూడు వారాల రెండు రోజులు. ఆ క్లినిక్‌లో పదమూడు వారాల ఆరు రోజులు దాటితే చేయరు. డాక్టరు వచ్చేది సోమ, గురువారాలే. గురువారం అయితే అవుతుంది, మళ్ళీ సోమవారం అంటే అవదు. లెక్క అంత సన్నగా ఉంది.

ఇదంతా నాకు చెప్పడానికి ట్రెసాకు వారం పట్టింది. పిల్లముండ నన్ను చూసి భయపడింది. నా ఇంటి ముందు ఒకప్పుడు నిషేధానికి ఓటేయమని పాతిన బోర్డు తనకు గుర్తుంది మరి. చెప్పాక నేను చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయాను. తర్వాత ఎన్నింటికి బయలుదేరాలి అని మాత్రం అడిగాను.

సోమవారం తెల్లారగట్ల మా టైము అయిదుకు బయలుదేరాం. వెళ్ళడానికి రెండు వందల తొంభై మైళ్ళు. సీసాలో కాఫీ, డబ్బాలో నేను చేసిన ప్లమ్ పళ్ళ కూకెన్ కేకు, నమలడానికి పొద్దుతిరుగుడు గింజలు. ట్రెసా దేన్నీ ముట్టుకోలేదు. క్లినిక్ బయట ముగ్గురు నలుగురు గర్భం తీయించుకోవద్దని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ నా వయసుదే, నాలాంటి కోటే వేసుకుంది. నా వైపు చూసి, "అమ్మా, మీ మనవడిని కాపాడుకోండి" అంది నెమ్మదిగా. కోపం రావాల్సింది, రాలేదు. అక్కడ నిలబడాల్సింది నేనే కదా అనిపించి తల దించుకుని లోపలికి పోయాను.

డాక్టరు పేరు హెగ్‌లండ్. అరవై దాటిన పొడుగాటి మనిషి, చేతులు శుభ్రంగా, గోళ్ళు పొట్టిగా. వారంలో రెండు రోజులు ఇక్కడికి వస్తుందట, మిగిలిన రోజులు మినియాపొలిస్‌లో కాన్పులు చేస్తుందట. ట్రెసాను లోపలికి తీసుకుపోయింది. లోపల డాక్టరు ఏం చదివి వినిపించిందో ట్రెసా తర్వాత చెప్పింది. అది డాక్టరు మాట కాదు, చట్టం రాసిచ్చిన మాట. నీ కడుపులో ఉన్నది విడిగా, ప్రత్యేకంగా, సజీవంగా ఉన్న సంపూర్ణమైన మనిషి, ఆ ప్రాణాన్ని నువ్వు ముగిస్తున్నావు అని. ముగ్గుర్ని కన్నదానికి, ఏడు సీసాల నెత్తురు ఎక్కించుకున్నదానికి కడుపులో ఏముంటుందో రాజధానిలో కూర్చున్నవాళ్ళు రాసి పంపాలి. చదువుతున్నంతసేపూ డాక్టరు కాగితం వైపే చూసిందట, తన ముఖం వైపు చూడలేకపోయిందట.

ఆ తర్వాత డాక్టరు తన పేజీ మీద తను సంతకం చేసి, టైము వేసి, ఇంకొకరిని చూడటానికి వెళ్ళింది. మిగిలిన పేజీలు ట్రెసా చేతికిచ్చి సంతకాలు పెట్టుకు రమ్మన్నారు. కళ్ళు తుడుచుకుంటూ, అట్టకు బిగించిన కాగితాలు పట్టుకుని నేను కూర్చున్న గదిలోకి వచ్చింది. ఒక్కొక్క పేజీ కిందా పెట్టుకుంటూ చివరి పేజీకి వచ్చింది. అక్కడ తేదీ, టైము అని రెండు గళ్ళు. ఫోన్ తీసి చూసుకుంది. నేను ఊలు అల్లుతున్నాను, తల కూడా ఎత్తలేదు.

"గంట కలపడం మర్చిపోకు, ఇక్కడ ముందు టైము" అన్నాను.

"కలుపుతా" అంది.

అంతే. అయిపోయింది. ఆ నిమిషాన నా గడియారంలో పది నలభై. దానికి గంట కలిపితే పదకొండు నలభై, అది నిజం. కాని ట్రెసా చూసింది నా గడియారం కాదు, తన ఫోను. ఆ మాయదారి ఫోను దారిలోనే, ఎవరినీ అడక్కుండా, తనంతట తనే ముందు టైముకు మారిపోయింది. అప్పటికే దాంట్లో పదకొండు నలభై. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి నేను నూరిపోసినట్టే దానికి ఇంకో గంట కలిపి, పన్నెండు నలభై అని పొందిగ్గా రాసి, సంతకం పెట్టి ఇచ్చేసింది. ఆ వాక్యం విన్న చెవులతో ఏ గడియారం ఏం చెబుతోందో ఆలోచించే స్థితి దానికి లేదు. నాకుంది. నేను ఊలు అల్లుకుంటున్నాను.

మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పడానికేం లేదు. ట్రెసా పనికి వెళ్ళింది, ముసలివాళ్ళకు బంగాళాదుంపలు ఉడకేసింది. నేను బస్సు నడిపాను. ఆలోచించుకోమని ఇచ్చిన డెబ్బై రెండు గంటల్లో అది ఆలోచించిందల్లా ఒక్కటే, బ్రిన్‌కు పళ్ళ డాక్టరు తేదీ ఎప్పుడని. తేల్చుకోవలసింది ఎప్పుడో తేల్చేసుకుంది.

గురువారం నా బస్సుకు ఇంకొకరిని పెట్టి, పిల్లల్ని లైల్‌కు అప్పగించి మళ్ళీ బయలుదేరాం. లైల్‌కు సంగతంతా తెలుసు, ఒక్క ప్రశ్న వేయలేదు. కారు అద్దాలు తుడిచిపెట్టి, చక్రాల్లో గాలి చూసి, "నిదానంగా వెళ్ళండి" అన్నాడు. ఆయన ప్రేమంతా చక్రాల్లోనే ఉంటుంది.

డాక్టరు హెగ్‌లండ్ పొద్దున్నే విమానం దిగి వరసగా ఒక్కొక్కరినీ చూస్తోంది. తిరిగి వెళ్ళే విమానం ఒంటి గంట దాటాక పది నిమిషాలకు. పన్నెండుంబావుకు క్లినిక్ నుంచి కదలాలి. ట్రెసాకు పదకొండు నలభై అయిదుకు ఇచ్చారు, సరిగ్గా డెబ్బై రెండు గంటలు నిండాక అయిదు నిమిషాలకు. పని పట్టేది పది నిమిషాలే. అంతా కుదిరింది. గోడ మీద గడియారం చూశాను, నా గడియారం చూసి గంట కలుపుకున్నాను, రెండూ కలిశాయి. నా పొగరు నాకు గుర్తుంది, టైమంటే నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్నట్టు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

పదకొండున్నరకు నర్సు వెర్నా కాగితాలు పట్టుకుని వచ్చింది. బొద్దుగా, ముక్కు మీదికి జారే కళ్ళజోడుతో ఉంటుంది. ట్రెసా ముందు వంగి, ఈ టైము మీరే వేశారా అని అడిగింది. ట్రెసా అవునంది. వెర్నా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. డాక్టరుగారి పేజీలో పదకొండు ముప్పై ఎనిమిది అని ఉంది, మీ పేజీలో పన్నెండు నలభై అని ఉంది అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ట్రెసా నా వైపు తిరిగింది. నింద లేదు ఆ చూపులో. అది ఉన్నా బాగుండేది. "గంట కలపమన్నావు కదా పెద్దమ్మా" అంది, ఆరో తరగతి పిల్ల అడిగినట్టు. అప్పుడు అర్థమయ్యింది.

ఇక నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు. తప్పు నాదని, ఆ పిల్లకు చెప్పింది నేనని, మేము పడమటి వాళ్ళమని, పదకొండు నలభైకే సంతకం పెట్టిందని, కావాలంటే బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తానని గది అంతా వినేలా చెప్పాను. సోమవారం పన్నెండు నలభైకి మేమిద్దరం మిచెల్ ఊళ్ళో పెట్రోలు పోయించుకుంటున్నామని, రసీదు కూడా ఉందని సంచి మొత్తం బల్ల మీద బోర్లించాను. రసీదు దొరికింది. సూ ఫాల్స్ నుంచి డెబ్బై మైళ్ళ అవతల, పన్నెండు యాభై అని అచ్చు వేసి ఉంది. దేవుడున్నాడనుకున్నాను.

వెర్నా ఆ రసీదు చూసింది, లోపలికి తీసుకెళ్ళింది. వాళ్ళ లాయరుకు ఫోన్ చేశారు. ఇరవై నిమిషాలు నడిచింది ఆ ఫోను. ఇరవై నిమిషాలంటే పదకొండు యాభై అయిపోయింది. బయటికి వచ్చినప్పుడు ఆవిడ ముఖం చూడగానే తెలిసిపోయింది. కాగితం మీద రెండు టైములుంటే, రెండింట్లో తర్వాతదే లెక్కట. సంతకం పెట్టినావిడ టైము దిద్దితే, దిద్దిన దగ్గర నుంచి మళ్ళీ డెబ్బై రెండు గంటలు మొదలవుతాయని ఎవరైనా వాదించవచ్చట. తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు చూసేది ఈ గళ్ళేనట. ఒక్క కాగితం తప్పుంటే డాక్టరు మీద కేసు, ఉన్న ఒక్క తలుపుకూ తాళం. పన్నెండు నలభై దాకా ఆగితే మాత్రం ఏ అభ్యంతరమూ లేదట.

"మీకు తెలుసు కదమ్మా, అది పదకొండు నలభై అని" అన్నాను. నా గొంతు అప్పటికి అరిగిపోయింది.

"నాకు తెలుసండీ. డాక్టరుగారికీ తెలుసు. ఆ లాయరుకీ తెలుసు. కాగితానికే తెలీదు" అంది వెర్నా. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంటుంటే చూశాను, తుడుస్తోంది కళ్ళజోడు కాదు.

అయితే పన్నెండు నలభై దాకా ఆగుదాం, అంతే కదా అన్నాను. ఒక్క గంట. లేని గంట, ఎవరూ బతకని గంట, ఆ రాసిన గడిలో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా జరగని గంట. అయినా సరే ఆగుదాం. అప్పుడు డాక్టరు హెగ్‌లండ్ తనే బయటికి వచ్చింది. ఒంటి గంట విమానం పోతే తర్వాతది సాయంత్రం. సాయంత్రం అయిదింటి నుంచి మినియాపొలిస్‌లో కాన్పుల గదికి తనే దిక్కట, కవల పిల్లల తల్లి ఒకావిడ పొద్దుటి నుంచి నొప్పులు పడుతోందట. తన బదులు నిలబడమని అక్కడ ముగ్గురికి ఫోన్ చేసింది. మా ఎదురుగానే చేసింది. ఒకరు ఊళ్ళో లేరు, ఒకరు ఆపరేషన్‌లో ఉన్నారు, ఒకరు ఎత్తలేదు. ఎత్తని నంబరుకు నాలుగుసార్లు చేసింది. గోడ గడియారం పన్నెండు దాటింది.

తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు నాకు. డాక్టర్ని తిట్టనా, అక్కడొక తల్లి ఎదురుచూస్తోంది. వెర్నాను తిట్టనా, చట్టాన్ని తిట్టనా? చట్టం అక్కడ లేదు, రాజధానిలో హాయిగా భోంచేస్తూ ఉంటుంది. ఇక మిగిలింది నేను.

డాక్టరు కోటు తొడుక్కుని, పెట్టె చేత్తో పట్టుకుని వెళ్ళబోతూ ఆగింది. వచ్చి ట్రెసా పక్కనున్న కుర్చీలో కూర్చుంది. మిన్నెసోటాలో ఆగాల్సింది ఇరవై నాలుగు గంటలేనని, ముందు చెప్పాల్సింది ఫోన్లో చెప్పినా సరిపోతుందని, ఆ చెప్పేదేదో ఇప్పుడే, ఇక్కడే చెప్పేస్తానని అంది. ఈ పదమూడు వారాల గీత కూడా అక్కడ లేదట. సంచిలోంచి ఒక కాగితం తీసి, రెండు నిమిషాల్లో చెప్పింది. ఈసారి ట్రెసా ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"రేపు పొద్దున్న నా డ్యూటీ దిగిపోతుంది. మధ్యాహ్నం ఒంటి గంటకు రండి, నేనుంటాను" అంది. చిరునామా రాసిచ్చింది. కింద టైము వేస్తూ, "ఇది నేనే రాస్తాను" అని నా వైపు ఒకసారి చూసింది. సరదాకే అందనుకుంటాను. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆవిడ వెళ్ళిపోయింది. ట్రెసా ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. కారెక్కాక ఎటు తిప్పాలని అడిగాను. ఇంటికి అంది.

వద్దే, తూర్పుకు పోదాం, నాలుగు గంటల దారి, రాత్రికి ఎక్కడో పడుకుందాం అన్నాను. బతిమాలాను. లైల్ పిల్లల్ని చూసుకుంటాడన్నాను. కర్ట్‌కు నేను చెబుతానన్నాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంకో రాష్ట్రం, ఇంకో కాగితం, ఇంకో గడియారం. నావల్ల కాదు పెద్దమ్మా. ఇంటికి పోనీ" అంది. నా నోటితో చేసింది చాలదా, ఇంకా దాన్నే వాడాలా అని కారు పడమటికి తిప్పాను.

మిచెల్ దాటాం. సోమవారం పెట్రోలు పోయించుకున్న బంకు పక్క నుంచే వెళ్ళాం. చాంబర్లెన్ దగ్గర నది మీద వంతెన ఎక్కాం. నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి, నాకు వాటి మీద కూడా కోపం వచ్చింది. వంతెన మధ్యలో ఉండగా ట్రెసా నోరు తెరిచింది.

"కంటాలే" అంది. "ఎంతమంది కనడం లేదు. ఈసారి ముందే రాపిడ్ సిటీ వెళ్ళి పడుకుంటా. నెత్తురు అక్కడుంటుంది."

వంతెన దిగాక, మామూలు గొంతుతో, బ్రిన్‌కు రాత్రి పూట జడ వేసి పడుకోబెట్టాలి, లేకపోతే పొద్దున చిక్కు పడుతుంది, నీకు తెలుసు కదా అంది. నాకెందుకు చెబుతున్నావే అనబోయి ఆగిపోయాను. ఎందుకు చెబుతోందో తెలిసిపోయింది. రెండోదానికి పాలు పడవు, పెద్దవాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, ఇలా ఒకటీ ఒకటీ చెప్పుకుంటూ పోయింది. అరవై మైళ్ళు చెప్పింది. పిల్లల్ని నాకు అప్పజెబుతోంది. కంటానంటోంది, మళ్ళీ లేవనని కూడా లోపల లెక్క వేసేసుకుంది. ఆ లెక్క ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, నాకు కారు రోడ్డు దించేసి గట్టిగా ఏడవాలనిపించింది.

మర్డో దాటాక రోడ్డు పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. ఇక్కడి నుంచి పడమటి టైము అని. ఎన్నో ఏళ్ళుగా దాన్ని చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ చదవలేదు. ట్రెసా ఫోను మా ఇద్దరి మధ్య గాడిలో నిలబెట్టి ఉంది. మూడు యాభై రెండు చూపిస్తోంది. బోర్డు దాటాం. ఒక్క క్షణం అలాగే ఉండి, రెండు యాభై రెండు అయింది.

ట్రెసా పాల సంగతి చెబుతూ చెబుతూ ఆగింది. ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఇచ్చేశారు చూడు" అంది.

"ఏమిటే?"

"నా గంట."

నవ్వింది. నిజంగానే నవ్వింది, పడీ పడీ నవ్వింది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. ఫోను ఒళ్ళో పడేసుకుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను వేగం తగ్గించాను. పక్క నుంచి పశువుల లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ముక్కు చీదుకుని, ముంజేత్తో తుడుచుకుని, ట్రెసా నిటారుగా కూర్చుంది.

"వీళ్ళెవరు పెద్దమ్మా" అంది. "అక్కడ గంట లేదంటారు, ఇక్కడికొస్తే ఉందంటారు. నా ప్రాణం వీళ్ళ బోర్డుల మధ్యన ఉందా? తిప్పు. కారు తిప్పు."

తిప్పడానికి దారి ఇంకో తొమ్మిది మైళ్ళ అవతల. ఈ పెద్ద రోడ్డు మీద రెండు వైపుల మధ్యలో గడ్డి, అక్కడక్కడా అడ్డంగా చిన్న మట్టిదారి, దాని ముందు బోర్డు, అధికారుల బళ్ళకు మాత్రమే అని. ముప్పై రెండేళ్ళలో నేను అలాంటి దారిలోకి ఒక్కసారి కూడా ముందు చక్రం పెట్టలేదు. పిల్లలు ఒకటికి పోవాలని ఏడ్చినా పెట్టలేదు. ఆ రోజు బోర్డు కనపడగానే చెయ్యి చూపించి, అందులోకి దించేశాను. అడుగున రాళ్ళు గీరుకున్నాయి. లైల్ వింటే గుండె ఆగేది. అటు పక్క ఎక్కి తూర్పుకు తిరిగాం.

లైల్‌కు ఫోన్ చేయమన్నాను. చేసింది. రేపు రాత్రికి గాని రామని చెప్పింది. "పొద్దున పిల్లలకి ప్యాన్‌కేకులు వేస్తాలే. మీ పెద్దమ్మని నిదానంగా నడపమను" అన్నాడట.

ఫోను పెట్టేసేసరికి ఆకుపచ్చ బోర్డు వెనక వైపు కనిపించి దాటిపోయింది. మూడు యాభై తొమ్మిది. ఇచ్చిన గంట ఏడు నిమిషాలకే మళ్ళీ లాక్కున్నారు. లాక్కోనీ. నేను చేతి గడియారం పళ్ళతో విప్పి ట్రెసా ఒళ్ళోకి విసిరాను.

"ఏం చెయ్యను దీన్ని?" అంది.

"గంట కలుపు" అన్నాను. "నువ్వే కలుపు. నేను ముట్టుకోను."

ట్రెసా గడియారం పక్కనున్న మర బయటికి లాగి, ఫోను పక్కన పెట్టుకుని, నిమిషాలు కూడా సరిచూసి తిప్పింది. తిప్పి తన చేతికే పెట్టుకుంది.